స్విమ్మింగ్ పూల్‌లో లీకు: పలుగు పట్టే ముందు బకెట్ పెట్టండి

మా బావగారి ఇల్లు విశాఖలో ఎండాడ దగ్గర కొండవాలులో ఉంది. ఇంటి వెనక ఎనిమిది మీటర్ల పొడవు, నాలుగు మీటర్ల వెడల్పు ఉన్న చిన్న పూల్. ఒక వేసవిలో అందులో నీళ్ళు రోజుకి మూడు సెంటీమీటర్లు దిగిపోవడం మొదలైంది. పిలిచిన మొదటి కాంట్రాక్టరు నీళ్ళన్నీ తోడించాడు. అడుగున సుత్తితో కొట్టి, ఎక్కడ డొల్ల శబ్దం వస్తే అక్కడల్లా టైల్స్ పీకించి, కొత్తవి అతికించి, డబ్బులు తీసుకుని వెళ్ళిపోయాడు. నింపిన నాలుగో రోజుకి మళ్ళీ అదే మూడు సెంటీమీటర్లు.

చివరికి లీకు దొరికింది లైటు వైరు గోడలోకి వెళ్ళే చోట. చిటికెన వేలు పట్టేంత సందు. బాగు చేయడానికి ఒక పూట పట్టింది, ఒక ఎపాక్సీ పుట్టీ ప్యాకెట్టు ఖర్చయింది. దాన్ని పట్టుకున్నది కూడా పెద్ద కంపెనీ మనిషేమీ కాదు, భీమిలి వైపు నుంచి వచ్చిన ఒక పెద్దాయన, ప్లంబరు. ఆయన వచ్చి గంటసేపు ఏమీ ముట్టుకోలేదు. గట్టు మీద కూర్చుని చూశాడంతే. మా బావగారికి విసుగొచ్చి అడిగితే, "నీరు ఊరికే పోదు బాబూ, దారి ఉంటేనే పోతాది. ఆ దారేటో నీరే సెప్తాది. మనం కంగారు పడకుండా సూడాల" అన్నాడు.

అప్పట్నుంచి చుట్టుపక్కల ఇద్దరు ముగ్గురి ఇళ్ళల్లో ఇదే పని దగ్గరుండి చేయించాను. లీకు పూడ్చడం సులువు. వెతకడమే పని. అందుకే ఇందులో ఎక్కువ భాగం వెతకడం గురించే.

ముందు లెక్క వేసుకోండి

పూల్ పొడవును వెడల్పుతో హెచ్చవేయండి, రెండూ మీటర్లలోనే. వచ్చిన అంకె ఎంతో, నీటి మట్టం ఒక మిల్లీమీటరు తగ్గితే మీకు పోయేది అన్ని లీటర్లు. మా బావగారి పూల్‌కి 8 × 4 అంటే 32 లీటర్లు. మూడు సెంటీమీటర్లు అంటే 30 మిల్లీమీటర్లు, అంటే రోజుకి 960 లీటర్లు. ఐదు వేల లీటర్ల ట్యాంకరు ఐదు రోజులకి కాస్త పైన వస్తుంది, అంతే. రైవాడ జలాశయం నుంచో తాటిపూడి జలాశయం నుంచో ఇంత దూరం వచ్చిన నీరు ఊరికే మట్టిలోకి పోతోందంటే ప్రాణం ఉసూరుమంటుంది. అయినా సరే, తొందరపడకండి.

తగ్గిన నీరంతా లీకు కాదు. మన విశాఖలో వేసవిలో రోజుకి అర సెంటీమీటరు, అటూ ఇటూగా, ఆవిరిగానే పోతుంది. మధ్యాహ్నం సముద్రపు గాలి గట్టిగా వీచే రోజుల్లో ఇంకాస్త ఎక్కువ పోతుంది. గాలిలో తేమ ఎక్కువ కాబట్టి అనంతపురంలో పోయినంత ఇక్కడ పోదు. రాత్రిపూట ఆవిరవదని కూడా అనుకోకండి. డిసెంబరు, జనవరి రాత్రుల్లో గాలి చల్లగా, పొడిగా ఉండి, నీళ్ళు పగటి వేడిని దాచుకుని ఉంటే తెల్లారేసరికి మట్టం కనిపించేంత దిగుతుంది.

ఇంకోటి బ్యాక్‌వాష్, అంటే ఫిల్టరులో చేరిన మురికి పోవడానికి నీటిని దాంట్లోంచి వెనక్కి తోసి బయటికి వదలడం. గంటకి పది వేల లీటర్లు తోడే పంపుతో మూడు నిమిషాలు బ్యాక్‌వాష్ చేస్తే 500 లీటర్లు డ్రైన్‌లోకి పోతాయి. పైన చెప్పిన పూల్‌లో అది ఒకటిన్నర సెంటీమీటరు. ఆదివారం పిల్లలు పది మంది దూకి ఆడితే చిందిపోయేది కూడా తక్కువేం కాదు. పూల్ చూసుకునే కుర్రాణ్ణి "ఈ వారం ఎన్నిసార్లు బ్యాక్‌వాష్ చేశావురా" అని అడిగితేనే కొన్ని లీకులు మాయమైపోతాయి.

మీ పూల్‌కి దానంతటదే నీళ్ళు నింపుకునే ఫ్లోట్ వాల్వు ఉంటే ఇంకా జాగ్రత్త. లీకు నెలల తరబడి ఉన్నా మట్టం తగ్గదు, మీకు తెలియదు. నీటి బిల్లో, బోరు మోటారు కరెంటు బిల్లో పెరిగినప్పుడు గానీ బయటపడదు. ఏ పరీక్ష చేసినా ముందు ఆ వాల్వు కట్టేయాలి.

బకెట్ పరీక్ష

దీనికి కావలసినవి ఒక బకెట్, ఒక ఇటుక, ఇన్సులేషన్ టేపు, స్కేలు. ప్రపంచమంతటా పూల్ పని చేసేవాళ్ళు మొదట చేసేది ఇదే. మనవాళ్ళలో మాత్రం "బకెట్టేంటి సార్, చిన్నపిల్లల ఆటలా" అని నవ్వేవాళ్ళే ఎక్కువ.

పూల్‌లో దిగే మెట్లుంటాయి కదా, పై నుంచి ఒకటో రెండో మెట్టు మీద బకెట్ పెట్టండి. కదలకుండా లోపల ఇటుక వేయండి. బకెట్‌ని పూల్ నీళ్ళతోనే నింపండి, బయటి మట్టం ఎంత ఉందో లోపల కూడా దాదాపు అంతే ఉండేలా. బకెట్ అంచు మాత్రం నీటికి నాలుగైదు వేళ్ళు పైన ఉండాలి. లోపలి మట్టం దగ్గర ఒక టేపు ముక్క, బయట పూల్ గోడ మీద నీటి మట్టం దగ్గర ఇంకో ముక్క అతికించండి. బకెట్ బయటివైపు అతికిస్తే బకెట్ కాస్త జరిగినా కొలత చెడిపోతుంది, అందుకే గోడ మీద అంటున్నాను. ఇరవై నాలుగు గంటలు ఎవరినీ దిగనివ్వకండి. కుక్క ఉంటే దాన్ని కూడా.

మర్నాడు అదే సమయానికి రెండూ కొలవండి. బకెట్‌లో తగ్గింది కేవలం ఆవిరి. పూల్‌లో తగ్గిన దాంట్లోంచి దాన్ని తీసేస్తే మిగిలేదే లీకు. బకెట్‌లో ఆరు మిల్లీమీటర్లు, పూల్‌లో ఏడు అయితే నిశ్చింతగా నిద్రపోండి. ఒక్క మిల్లీమీటరు కొలతలో వచ్చే తేడానే. బకెట్‌లో ఆరు, పూల్‌లో ముప్పై అయితే చదవడం ఆపకండి. వాన పడే రోజున ఈ పరీక్ష పెట్టకండి. వాన రెండింటిలోనూ ఒకేలా పడినా, గట్టు మీది నీరు జారి పూల్‌లోకి వస్తుంది, లెక్క తప్పుతుంది.

ఇప్పుడు అసలు కిటుకు. ఈ పరీక్ష ఒకసారి కాదు, రెండుసార్లు చేయాలి. మొదటి రోజు పంపు పూర్తిగా ఆపేసి, రెండో రోజు పంపు ఎప్పటిలా నడిపిస్తూ. ఎన్ని గంటలు నడిపారో రాసుకోండి.

రెండు రోజులూ ఒకేలా తగ్గితే లీకు పూల్ ఒంట్లోనే ఉంది. గోడ, అడుగు, లైటు, స్కిమ్మర్ (నీటి మీద తేలే చెత్తని లాక్కునే, గోడలోని నోరు), టైల్స్ మధ్య సందులు, వీటిలో ఎక్కడో. పంపు నడిచినప్పుడు ఎక్కువ తగ్గితే, పంపు దాటాక నీటిని తిరిగి పూల్‌లోకి తెచ్చే పైపుల్లో లీకు. ఆ పైపుల్లో ఒత్తిడి ఉంటుంది కాబట్టి చిన్న పగులు నుంచి కూడా నీరు చిమ్ముకుంటూ పోతుంది. లేదంటే బ్యాక్‌వాష్ పైపు గుండా డ్రైన్‌లోకి జారుతూ ఉండొచ్చు. పంపు ఆగినప్పుడు ఎక్కువ తగ్గితే నీటిని పంపుకి లాక్కొచ్చే సక్షన్ పైపుని అనుమానించాలి. అది నడిచేటప్పుడు నీరు బయటికి పోనివ్వదు, బదులుగా పగులులోంచి గాలి లాక్కుంటుంది. రిటర్న్ జెట్లలోంచి బుడగలు ఆగకుండా వస్తున్నాయా, పంపు మీది పారదర్శకమైన మూత కింద గాలి నిలిచి ఉందా చూడండి. ఉంటే అనుమానం బలపడినట్టే.

నీరు అంచు మీదుగా పొర్లి కాలవలోకి పోయే ఓవర్‌ఫ్లో పూల్ అయితే సంగతి కాస్త వేరు. మన రిషికొండ, భీమిలి రోడ్డు వైపు కొత్త విల్లాల్లో ఎక్కువగా ఇవే కడుతున్నారు. పంపు నడుస్తున్నంత సేపు పూల్ మట్టం మారదు, లీకు ఎక్కడున్నా తగ్గేది ఆ కాలవ నీరు చేరే పక్కనున్న బ్యాలెన్సింగ్ ట్యాంకులోనే. అందుకని పంపు ఆపి, వాల్వులన్నీ కట్టి, పూల్‌కి బకెట్ పరీక్ష ఒకటి, ట్యాంకు గోడ మీద గుర్తు ఒకటి, విడివిడిగా పెట్టాలి. మూత ఉన్న ట్యాంకులో ఆవిరి చాలా తక్కువ, అక్కడ ఐదు మిల్లీమీటర్లు తగ్గినా ఊరుకోకూడదు. పూల్ తగ్గి ట్యాంకు పెరిగితే కంగారు పడక్కర్లేదు, నాన్ రిటర్న్ వాల్వు సరిగా మూసుకోక నీరు వెనక్కి జారుతోందంతే.

పంపు గదిలో అరగంట

పూల్ ఒంట్లో లీకు అని తేలినా సరే, ఒకసారి పంపు గదిలోకి వెళ్ళి చూడండి. ఖర్చు లేని పని. పంపు, మోటారు కలిసే చోట కింద తడిగా ఉంటే మెకానికల్ సీల్ పోయింది. అది మార్చాల్సిందే, గుడ్డ చుట్టి లాభం లేదు. పైగా ఆ తడి మోటారు బేరింగుల్లోకి చేరుతుంది. మనకి ఉప్పుగాలి ఎలాగూ ఉంది, మోటారు తుప్పు పట్టడానికి వేరే సాయం అక్కర్లేదు.

తర్వాత ఫిల్టరు మీదుండే మల్టీపోర్ట్ వాల్వు. హ్యాండిల్ 'ఫిల్టర్' దగ్గర పెట్టి పంపు నడపండి, బ్యాక్‌వాష్ నీరు పోయే పైపు చివర చూడండి. చుక్క కూడా రాకూడదు. సన్నగా ధార వస్తుంటే లోపల చక్రం ఆకారంలో ఉండే గాస్కెట్ అరిగిపోయినట్టు. చాలామందికి ఆ పైపు నేరుగా డ్రైనులో కలిసి ఉంటుంది, అందుకే ఏళ్ళ తరబడి ఎవరూ చూడరు. ఈ గాస్కెట్ ఎందుకు చిరుగుతుందంటే, పంపు నడుస్తుండగానే హ్యాండిల్ తిప్పేస్తారు. పంపు ఆపి, ఒత్తిడి ముల్లు సున్నాకి వచ్చాకే తిప్పాలని గోడ మీద పెద్ద అక్షరాలతో రాసి పెట్టండి.

సక్షన్ వైపు జాయింట్లలో గాలి ఎక్కడ లాగుతోందో తెలియాలంటే పంపు నడుస్తుండగా షేవింగ్ ఫోమ్ రాయండి. లీకున్న చోట నురగ గుంటపడి లోపలికి పోతుంది. చాలాసార్లు దోషం పంపు మూత కింది రబ్బరు రింగుదే ఉంటుంది. మురికి తుడిచి, సిలికాన్ గ్రీజు పూసి బిగిస్తే సరి. వాజలీన్, బండి గ్రీజు వద్దు, రబ్బరు ఉబ్బి పాడవుతుంది.

నీరు ఎక్కడ ఆగుతుందో చూడండి

ఇది ఆ పెద్దాయన చేసిన పని. పరీక్షలన్నిటిలోకీ నాకు నచ్చింది కూడా ఇదే, ఎందుకంటే మనం చేయాల్సింది ఏమీ చేయకపోవడమే.

నీళ్ళు నింపడం ఆపేయండి. రోజూ ఉదయం గోడ మీద టేపుతో గుర్తు పెట్టి తేదీ రాయండి. లీకు పైన నీరు ఉన్నంత కాలం మట్టం దిగుతూ ఉంటుంది, లీకు దగ్గరపడే కొద్దీ దిగే వేగం తగ్గుతుంది. ఇక ఆవిరి తప్ప మరేమీ పోని మట్టానికి వచ్చిందంటే, లీకు ఆ గీత దగ్గరే చుట్టూతా ఎక్కడో ఉంది. స్కిమ్మర్ నోటి అడుగున ఆగిందా, స్కిమ్మర్‌ని పట్టుకోండి. రిటర్న్ జెట్ల దగ్గర ఆగిందా, వాటి చుట్టూ చూడండి. లైటు దగ్గర ఆగిందా, ఇంకేం, దొరికినట్టే. ఎక్కడా ఆగకుండా కిందికే పోతుంటే అడుగు, లేదా అడుగునున్న మెయిన్ డ్రైన్.

మా బావగారింట్లో ఈ రహస్యం అంతకాలం బయటపడకపోవడానికి కారణం ట్యాంకరే. రెండు మూడు అంగుళాలు తగ్గగానే ఫోన్ చేసి నింపించేసేవారు. పాపం నీరు చెబుదామనుకున్న మాట ప్రతిసారీ మధ్యలోనే ఆగిపోయేది.

రెండు జాగ్రత్తలు. మట్టం స్కిమ్మర్ నోటి కంటే కిందికి దిగితే స్కిమ్మర్ వాల్వు కట్టేసి మెయిన్ డ్రైన్ నుంచి మాత్రమే నడపండి, ఆ ఏర్పాటు లేకపోతే పంపు ఆపేయండి. లేకపోతే పంపు గాలి పీల్చి, పొడిగా తిరిగి, సీల్ కాలిపోతుంది. పంపు ఆగిందంటే మన ఎండకి రెండు మూడు రోజుల్లో నీరు పచ్చబడుతుంది. రోజూ సాయంత్రం చేత్తోనే క్లోరిన్ వేసి కలియబెట్టండి. దోమలు కూడా కాచుకుని ఉంటాయి.

రెండోది, నీటిని దానంతటదే దిగనివ్వండి గానీ మొత్తం ఖాళీ కానివ్వకండి. ఎందుకో తర్వాత చెబుతాను.

జిలేబీ రంగుతో వేట

గీత దొరికింది. ఇప్పుడు ఆ గీత మీద కన్నం ఎక్కడో తేల్చాలి. కిరాణా కొట్లో దొరికే మిఠాయి రంగు, ఎరుపుదైతే మేలు, నీలం టైల్స్ మీద బాగా కనిపిస్తుంది. దాన్ని కొంచెం పూల్ నీటిలోనే చిక్కగా కలిపి, మందుల షాపులో దొరికే పది మిల్లీలీటర్ల సిరంజిలోకి ఎక్కించండి, సూది తీసేసి.

పంపు ఆపి కనీసం గంట ఆగండి. గాలి లేని పొద్దున పూట చేయండి, మధ్యాహ్నం అలలకి ఏమీ తెలియదు. నీటిలోకి మెల్లగా దిగి, కదలకుండా నిలబడి, అనుమానం ఉన్న చోటికి రెండు మూడు సెంటీమీటర్ల దూరంలో ఒక్క చుక్క వదలండి. లీకు లేకపోతే రంగు పొగలా అక్కడే తేలుతూ చెదిరిపోతుంది. ఉంటే దారంలా సాగి లోపలికి పోతుంది. ఒకసారి చూశారంటే మర్చిపోరు. స్కిమ్మర్ ప్లాస్టిక్కు, గోడ కలిసే అంచు చుట్టూ, ప్రతి జెట్ చుట్టూ, మెట్ల మూలలు, నీటి గీత దగ్గరి టైల్స్ సందులు, లైటు చుట్టూ, ఇలా ఓపిగ్గా తిరగండి.

లైటు దగ్గరికి వెళ్ళే ముందు కరెంటు బోర్డులో దాని ఎమ్‌సీబీ (ఆ లైను కరెంటునే కట్ చేసే బ్రేకరు) ఆపేయండి. స్విచ్ కాదు, ఎమ్‌సీబీ. పూల్ లైట్లు సాధారణంగా 12 వోల్టులవే ఉంటాయి, కానీ కట్టినవాళ్ళు ఏం పెట్టారో, ట్రాన్స్‌ఫార్మర్ ఎంత సరిగా ఉందో చూడకుండా నమ్మకండి. మెయిన్ డ్రైన్ దగ్గర రంగు పరీక్ష చేస్తే పంపు తప్పనిసరిగా ఆగి ఉండాలి, ఆ సంగతి ఇంట్లో అందరికీ తెలిసి ఉండాలి. నడుస్తున్న డ్రైన్ చెయ్యినీ జుట్టునీ పట్టేసి మనిషిని కింద నొక్కి ఉంచేయగలదు. పిల్లల్ని ఈ పనికి అస్సలు దింపకండి.

రంగు పనిచేయాలంటే లీకుకి కాస్త లాగుడు ఉండాలి. వంద టైల్స్ సందుల్లోంచి కొంచెం కొంచెంగా ఊరుతుంటే ఏ ఒక్క చోటా కనిపించదు. అలాంటప్పుడు ఇంటి చుట్టూ తిరగండి. మన కొండవాలు ఇళ్ళకి కింద రిటైనింగ్ గోడ, దానికి నీరు పోయే కన్నాలు ఉంటాయి. ఏప్రిల్‌లో, వాన చినుకు లేని రోజుల్లో, ఆ కన్నాల్లో ఒకటి మాత్రం తడిగా ఉందంటే దాని పైన ఏముందో చూడండి. గట్టు మీద ఒక పలక కింద మట్టి కుంగడం, ఎండాకాలంలో ఒక్కచోటే గడ్డి పచ్చగా ఉండడం కూడా సాక్ష్యాలే. ఆ నీరు పూల్‌దేనా అని అనుమానమైతే క్లోరిన్ చూసే కిట్‌లో చుక్క వేయండి. పసుపు రంగో, కిట్‌ని బట్టి గులాబీ రంగో వస్తే అనుమానం బలపడినట్టే. రాకపోతే మాత్రం పూల్‌ది కాదని అనుకోకండి, మట్టిలో కాస్త దూరం నడిస్తే క్లోరిన్ పోతుంది.

పైపులైతే ఒత్తిడి పరీక్ష

బకెట్ పరీక్ష పైపుల వైపు వేలు చూపిస్తే ఇంట్లో మీరు చేయగలిగింది తక్కువ. దీనికి ప్లంబరు కావాలి, కానీ మీరు దగ్గరుండాలి. పూల్ వైపు నోళ్ళన్నీ రబ్బరు ప్లగ్గులతో బిగించి, పంపు గది వైపు నుంచి ఒక్కో లైనులో చేతి పంపుతో నీరు ఎక్కించి, చదరపు సెంటీమీటరుకి ఒక కిలో, ఒకటిన్నర కిలో దగ్గర ముల్లు నిలపాలి. అరగంటలో ముల్లు కదలకపోతే ఆ లైను మంచిది. దిగుతుంటే లీకు అందులోనే. నీటి బదులు కంప్రెసర్ గాలి పెడతానని ఎవరైనా అంటే ఒప్పుకోకండి. గాలి స్ప్రింగులా నొక్కుకుని ఉంటుంది, ప్లగ్గు ఊడితే తూటాలా వస్తుంది.

ఏ లైనో తేలాక కూడా గట్టంతా తవ్వక్కర్లేదు. రాత్రి నిశ్శబ్దంలో, లైనులో ఒత్తిడి ఉంచి, ఇనుప కడ్డీ ఒక చివర నేలకి, ఇంకో చివర చెవికి ఆనించి వినండి. లీకు దగ్గర బుస్సుమనే శబ్దం వినిపిస్తుంది. ఇదే పని చేసే మైకులు పెద్ద ప్లంబర్ల దగ్గర ఉంటాయి.

పూడ్చడం

లైటు దగ్గర లీకు అయితే, ఎమ్‌సీబీ ఆపి, లైటు పైనున్న స్క్రూ విప్పి బయటికి తీయండి. గట్టు మీదికి వచ్చేంత వైరు లోపల చుట్టి ఉంటుంది, సాధారణంగా. వెనక గోడలో వైరు దూరే పైపు నోరు కనిపిస్తుంది. నీటిలోనే గట్టిపడే ఎపాక్సీ పుట్టీ తీసుకుని, రెండు ముద్దలూ రంగు ఒకటయ్యే దాకా పిసికి, వైరు చుట్టూ ఆ సందులోకి గట్టిగా కూరండి. మామూలు సిలికాన్ వద్దు, తడి మీద పట్టదు, పట్టినట్టు కనిపిస్తుంది. వైరు పై తొడుగు చిట్లి ఉంటే మాత్రం పుట్టీ పెట్టి మూసేయకండి, ఎలక్ట్రీషియన్ పని అది. స్కిమ్మర్ అంచుకీ ఇదే మందు. ముందు పాత సిమెంటు పొడిని స్క్రూడ్రైవర్‌తో గీకి, తీగ బ్రష్‌తో రుద్ది, అప్పుడు పుట్టీ.

టైల్స్ సందులు కొట్టుకుపోతే వెనకున్న కారణం చాలాసార్లు నీరే. పీహెచ్ 7.2 కన్నా కింద నెలల తరబడి ఉంటే ఆ నీరు సిమెంటు గ్రౌట్‌ని తినేస్తుంది. కొత్తగా పెట్టేటప్పుడు ఎపాక్సీ గ్రౌట్ పెట్టించండి, ధర ఎక్కువే, అయినా రెండోసారి పని పడదు. నీటిని 7.2, 7.6 మధ్య ఉంచండి.

భూమిలో పగిలిన పీవీసీ పైపు దగ్గర పొరపాటు ఒక్కటే జరుగుతుంది, తొందర. పగిలిన ముక్క కోసి కప్లర్లు వేసేటప్పుడు పైపు చివరలు పొడిగా లేకపోతే సాల్వెంట్ పట్టదు. చుక్క చుక్కగా నీరు కారుతుండగానే అతికించేసి మట్టి కప్పేసేవాళ్ళున్నారు. సాల్వెంట్ పెట్టాక ఒక రోజు ఆగి, మళ్ళీ ఒత్తిడి పరీక్ష చేసి, అప్పుడే గొయ్యి పూడ్చనివ్వండి. పైపు చుట్టూ రాళ్ళు కాకుండా ఇసుక వేయించండి.

గోడలో పగులు అన్నది వేరే కథ. వెంట్రుకంత సన్నగా, ప్లాస్టరు పొరలోనే ఉంటే, దాన్ని వీ ఆకారంలో రెండు సెంటీమీటర్ల లోతు కోసి, నిమిషాల్లో గట్టిపడే వాటర్‌ప్లగ్ సిమెంటు నింపి, పైన పాలిమర్ కలిపిన వాటర్‌ప్రూఫ్ కోటింగు రెండు చేతులు వేసి, అది క్యూర్ అయ్యాక టైల్స్ అతికిస్తారు. కానీ పగులు వెంట తుప్పు మరక కనిపించినా, ఒకవైపు గోడ ఇంకోవైపు కన్నా ఎత్తు తేడాగా ఉన్నా, మేస్త్రీని పిలవకండి, స్ట్రక్చరల్ ఇంజినీరుని పిలవండి. మధురవాడ, ఎండాడ, రిషికొండ వైపు ప్లాట్లలో కొండను ఒకవైపు తొలిచి ఆ మట్టినే ఇంకోవైపు నింపి చదును చేస్తారు. పూల్‌లో సగం రాతి మీద, సగం నింపిన మట్టి మీద కూర్చుంటే, నాలుగు వానాకాలాలకి మట్టి వైపు కుంగుతుంది. ఆ రెండూ కలిసే గీత మీదే పగులు. దానికి ఎంత సిమెంటు పూసినా మళ్ళీ వస్తుంది.

ఖాళీ చేయమంటే

ఖాళీ పూల్ అంటే భూమిలో పెట్టిన పడవ. చుట్టూ మట్టిలో నీరు నిండి ఉన్నప్పుడు లోపలి నీటి బరువు తీసేస్తే, కిందినుంచి నీరు దాన్ని పైకి నెడుతుంది. కాంక్రీటు పూల్ పైకి లేచి పగలడం, ఫైబర్ పూల్ అయితే గోడలు లోపలికి ఉబ్బడం, రెండూ జరుగుతాయి. కొన్ని పూల్స్‌కి మెయిన్ డ్రైన్ గుంటలో కింది నీటి ఒత్తిడిని లోపలికి వదిలే వాల్వు ఉంటుంది, కట్టినవాళ్ళని అడగండి. ఉందన్నా, అది పనిచేస్తోందని అనుకోకండి.

మనకి నైరుతి వానలతో కథ అయిపోదు, అక్టోబరు, నవంబరు నెలల్లోనూ తుఫానులు వస్తాయి. హుద్‌హుద్ 2014లో మన మీద పడింది అక్టోబరు 12న. కాబట్టి జూలై నుంచి డిసెంబరు మొదటి వారం దాకా పూల్ ఖాళీ చేసే పని పెట్టుకోకండి, మరీ ముఖ్యంగా తీరానికి దగ్గరగా పల్లంలో ఇల్లు ఉంటే. ఫిబ్రవరి నుంచి మే మధ్యలో చేయించండి. అప్పుడు కూడా దగ్గర్లో బావి ఉంటే అందులో నీరు ఎంత లోతులో ఉందో చూడండి. పూల్ అడుగు కన్నా కింద ఉంటేనే మోటారు పెట్టండి. పైన చెప్పిన వాటిలో పగులు, అడుగు టైల్స్ తప్ప మిగతావన్నీ నీరుండగానే చేసుకోవచ్చు.

పని అయ్యాక

వెంటనే నిండుగా నింపకండి. బాగు చేసిన చోటు మునిగేలా నింపి, రెండు రోజులు ఆగి, రంగు చుక్క ఇంకోసారి వదలండి. అది తేలి చెదిరిపోతే మిగతాది నింపండి. కొత్త నీరు వచ్చింది కాబట్టి క్లోరిన్, పీహెచ్ మళ్ళీ సరిచూసుకోవాలి. తర్వాత మళ్ళీ బకెట్, ఇటుక, పంపు ఆపి ఒక రోజు, నడిపి ఒక రోజు. పనివాడికి మిగతా డబ్బులు ఈ రెండో రోజు కొలత చూశాకే ఇవ్వండి, ఆ మాట పని మొదలుపెట్టేటప్పుడే చెప్పి ఉంచండి. మా బావగారి పూల్‌లో ఆ రెండు రోజులూ బకెట్‌కీ గోడకీ తేడా ఒక్క మిల్లీమీటరు. పెద్దాయన స్కేలు ఇంకోసారి పెట్టి చూసుకుని, బీడీ ముట్టించుకుని, అప్పుడడిగాడు, "లైటు ఎయ్యండి బాబూ, వెలుగుతాదో లేదో సూద్దాం" అని.